కంటి గోలీల సీసా

రొయ్యల ఫ్యాక్టరీల ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఏలూరులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మేడం, మీ సర్వీసులో మీరు పట్టుకున్న పెద్ద తప్పు ఏదండీ?" అని అడుగుతారు. పట్టుకున్నవి బోలెడు. అవన్నీ చెప్పి గొప్పలు పోవడం నాకూ సరదానే. కానీ మీకు పనికొచ్చేది నేను పట్టుకున్న తప్పు కాదు, చేసిన తప్పు. రిటైరై ఇన్నేళ్ళయినా అది నన్ను వదల్లేదు. అదే చెబుతాను, వినండి.

అప్పుడు నేను ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజర్ని. చెరువుల నుంచి వచ్చిన రొయ్యకి తల తీసి, పొట్టు ఒలిచి, గడ్డకట్టించి, అట్టపెట్టెల్లో సర్ది విదేశాలకి పంపడం మా పని. తల తీసేవాళ్ళూ, పొట్టు ఒలిచేవాళ్ళూ అంతా ఆడవాళ్ళే. కొల్లేటి లంకల నుంచి కొందరు, అత్తిలి వైపు నుంచి కొందరు, నల్లజర్ల నుంచి కూడా ఫ్యాక్టరీ బస్సులో వచ్చేవారు. నా నోరు మంచిది కాదని హాలంతటికీ తెలుసు. జడలో పువ్వు కనబడినా, చేతికి గాజు ఉన్నా గుమ్మంలోనే ఆపేసేదాన్ని. గోరింటాకు పండిన చేతులతో వచ్చిన కొత్త పెళ్ళికూతుర్ని కూడా వెనక్కి పంపాను. ఆ పిల్ల బస్సు దాకా ఏడుస్తూ వెళ్ళిందట.

ఆ చలికాలం కొనేవాళ్ళ తరఫున ఒక ఆడిటర్ వచ్చాడు. మర్యాదస్తుడే. రెండు రోజులు హాల్లో తిరిగి, చేతులు ముంచే నీళ్ళలో క్లోరిన్ చాలదనీ, అరగంటకోసారి ముంచి తీరాలనీ రాసిపెట్టి వెళ్ళాడు. అది చెయ్యకపోతే సరుకు కొనరు. ఈ కాలపు పిల్లలు పేపర్లో సుంకాల గురించి చదివి, ఎగుమతికి అడ్డం అదొక్కటే అనుకుంటున్నారు. సుంకం కనబడే గోడ. ఇలాంటి కాగితాలు కనబడని గోడలు. వాటిని కట్టేచోట మనకి కుర్చీ వెయ్యరు. సరే, నేను గోడగడియారం పెట్టించి మరీ చేతులు ముంచించాను. రెండు వారాలు తిరిగేసరికి ఐసుకీ క్లోరిన్‌కీ ఆడవాళ్ళ వేళ్ళు పగిలి నెత్తురు చిమ్మడం మొదలైంది. గ్లౌజులు ఇచ్చాం. వేలికి రొయ్య తగలకపోతే పొట్టు పట్టు దొరకదని వాటి వేళ్ళ కొసలు కత్తిరించేసి తొడుక్కునేవారు. తిట్టేదాన్ని. తిట్టి తిట్టి ఊరుకున్నాను.

మా అమ్మ మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసింది. మా ఇంట్లో కళ్ళకలక వచ్చినా, కత్తిపీట తగిలినా, అట్లకాడ చురుక్కుమన్నా ఒకటే వైద్యం, కంటి గోలీ. మీ ఇళ్ళల్లోనూ ఉండేది కదూ. చింతగింజలో సగం ఉండే మెత్తటి గోలీ, కొన కత్తిరించి పిండితే జిగురులాంటి మందు వస్తుంది. ఆ గోలీల సీసా లేకుండా నేను ఏనాడూ గడప దాటలేదు. ఒకరోజు తల తీసే బల్ల దగ్గర ఒకావిడ పగిలిన వేళ్ళు క్లోరిన్ నీళ్ళలో పెట్టి, పెదవి కొరుక్కుంటూ నిలబడింది. చూడలేకపోయాను. బ్యాగు తీసి గోలీ ఇచ్చాను. మర్నాటికి మంట తగ్గిందని పదిమంది వచ్చారు.

ఆ తర్వాత ఏలూరులో మందుల షాపు నుంచి సీసాలు నేనే కొని తెచ్చేదాన్ని. మా హాలు సూపర్‌వైజర్ కొల్లేటికోట మనిషి, నాకంటే పెద్దది. నేను ఆవిణ్ణి అక్కా అనేదాన్ని. పనిలోకి దిగే ముందు బట్టలు మార్చుకునే గదిలో ఆవిడే అందరి వేళ్ళకీ పూసేది. "మేడంగారి నోరు చూసి భయపడ్డాం గానీ, చెయ్యి చల్లనిదండీ" అని వాళ్ళనుకుంటుంటే చెవిన పడి మురిసిపోయాను. హాల్లోకి ఏ మందూ తేకూడదని ఎర్రక్షరాల బోర్డు పెట్టించింది నేనే. అయినా ఇదొక మందని నాకు తోస్తేగా. మా అమ్మ వంటింటి కిటికీలో ఉప్పుడబ్బా పక్కన ఉండే వస్తువది.

నెలన్నరకి విదేశంలో ఓడరేవు నుంచి మెయిల్ వచ్చింది. మా కంటైనర్ ఆపేశారు. రొయ్యలో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఛాయలు కనబడ్డాయట. మనుషులు తినే జీవాలకి ఆ మందు వాడటం నిషేధం. కొంచెం వాడొచ్చు, ఎక్కువ వాడకూడదు అని లేదు, అసలు ఉండకూడదు. వాళ్ళ యంత్రాలు చెరువంత నీళ్ళలో చిటికెడు కలిపినా పట్టేస్తాయి. ఒక పెట్టెలో దొరికితే ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చే ప్రతి పెట్టెనీ ఆపి చూస్తారు. మా ల్యాబులో ఆ పేరు నేను రోజూ రాసేదాన్ని, దాని పరీక్ష ఎలా చెయ్యాలో పిల్లలకి నేర్పేదాన్ని. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పెట్టె మీద నంబరు చూస్తే ఆ సరుకు ఏ చెరువుదో తెలుస్తుంది. అది కొల్లేటికోట దారిలో, సరస్సు హద్దుకి ఇవతల రెండు చెరువులు లీజుకి చేసే ఒక రైతుది. చెరువులో రొయ్య పట్టే ముందు చేయించిన పరీక్షలో ఏమీ లేదని కాగితం ఉంది. ఉంటే ఉంది. చెరువు కాక ఇంకెక్కడి నుంచి వస్తుంది? జీపు వేసుకుని మర్నాడే వెళ్ళాను.

ఆయనకి యాభై దాటి ఉంటాయి. గట్టు మీద రేకుల షెడ్డులో నాకు కుర్చీ వేసి, తను మేత బస్తా మీద కూర్చున్నాడు. భార్య పక్కన నిలబడింది. పదో తరగతి దాకా చదివిందట, చెరువు పుస్తకం ఆవిడే రాస్తుంది.

"ఏవండీ, ఆ మందు ఎక్కడ కొన్నారో చెప్పేయండి. చెబితే రిపోర్టు కాస్త మెత్తగా రాస్తాను" అన్నాను. మా వైపు అండీ అనకుండా దొంగని కూడా తిట్టలేం.

"నేను కొనలేదండీ. ఆ పేరే నాకు నోరు తిరగదు."

"మీరు కొనలేదు సరే. మీ రొయ్యలు వెళ్ళి కొనుక్కున్నాయా?"

ఆయన నవ్వలేదు. భార్య పుస్తకం తెచ్చి నా ముందు తెరిచింది. మేత, సున్నం, మినరల్స్, ఏ రోజు ఏది ఎంత వేశారో ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. మందుల పేర్లు ఇంగ్లీషులో, డబ్బా మీద ఎలా ఉంటే అలా.

"వేసినవి రాశారమ్మా. రాయకుండా వేసినవి ఎక్కడ చూడమంటారు?" అన్నాను.

ఆవిడ పుస్తకం మూసేసింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"మేడంగారూ, వచ్చే నెల లీజు తిరగ రాసుకోవాలండీ. నా సరుకు ఫ్యాక్టరీలు కొనవని తెలిస్తే చెరువులు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు. నీళ్ళూ, రొయ్యా మీ చేత్తో పట్టుకెళ్ళి మీ యంత్రంలోనే చూసుకోండి. ఇంకొక్క మాటండీ, ఏమనుకోకండి. ఇక్కడ బాగున్న రొయ్య మీ గోడల్లోకి వచ్చాక చెడిందేమో, అది కూడా ఒకసారి చూడండి."

నాకు ఒళ్ళు మండింది. నా హాల్లోనా? గాజుముక్క కూడా దూరని నా హాల్లోనా? "మీకు తెలిసింది చెరువు. దాని సంగతి చెప్పండి చాలు" అన్నాను.

నీళ్ళూ రొయ్యా సీసాలకి ఎత్తేటప్పుడు చూశాను, ఆయన కుడి అరచేతికి గుడ్డ చుట్టి ఉంది. చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ తీగ చీరిందట. తిట్టిన నోటితోనే జాలిపడటం నాకు అలవాటు. బ్యాగులో ఉన్న కొత్త కంటి గోలీల సీసా తీసి, "రోజుకి రెండుసార్లు రాయండి, చీము పట్టదు" అని బల్ల మీద పెట్టాను. ఓడరేవు నుంచి వచ్చిన కాగితం నకలు కూడా దాని పక్కనే పెట్టాను. మందు పేరు కింద ఎర్రగీత నేనే గీశాను, చదువుకున్న మనిషి కాబట్టి ఆవిడకి అర్థమవుతుందని.

ఆయన చెరువులో ఏమీ దొరకలేదు. నీళ్ళూ శుభ్రం, రొయ్యా శుభ్రం. చదువుకున్న మూర్ఖురాలు ఏం రాస్తుందో అదే రాశాను, "మందు ముందుగానే ఆపేసి ఉంటాడు" అని. లోపం రైతు దగ్గర జరిగిందని రిపోర్టు వెళ్ళింది. మా కొనుగోళ్ళ మేనేజరు ఆయన పేరు మిగతా ఫ్యాక్టరీల చెవిన వేశాడు.

రెండో కంటైనరూ ఆగింది. ఈసారి అత్తిలి వైపు రైతు సరుకు. "ఇద్దరూ ఒకే షాపులో కొన్నారు" అన్నాను. ల్యాబులో పిల్లలు తలలూపారు. మూడోదీ ఆగింది. అది మా ఫ్యాక్టరీ సొంత చెరువుల సరుకు, రొయ్యపిల్లల్ని వేసిన రోజు నుంచీ నేను దగ్గరుండి చూసుకున్నది. మొదటి రైతు అన్న మాట, రొయ్య మా గోడల్లోకి వచ్చాక చెడిందేమో అన్నది, అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు ఒకే లారీ సరుకుని నాలుగుచోట్ల పరీక్షకి తీయించాను. గేటు దగ్గర, ఐసులో పెట్టాక, తల తీశాక, పొట్టు ఒలిచాక. ఫలితం సాయంత్రానికి నా బల్ల మీదికి వచ్చింది. గేటు దగ్గర లేదు. ఐసులో లేదు. తల తీశాక ఉంది. పొట్టు ఒలిచాక ఇంకా ఎక్కువ ఉంది. దొంగ నా హాల్లోనే ఉన్నాడు. నీళ్ళు, క్లోరిన్, సబ్బు, ప్లాస్టిక్ టబ్బులు అన్నీ చూశాం, ఎందులోనూ లేదు. ఆ కాగితాలు పట్టుకుని, చదువుకునే కళ్ళద్దాలు తీయడం కూడా మరిచిపోయి, హాలు గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఒకావిడ వచ్చి వేలు చూపించింది. "మేడంగారూ, మళ్ళీ పగిలిందండీ. ఒక గోలీ ఇప్పించండి."

అలవాటుకొద్దీ బ్యాగులో చెయ్యి పెట్టి సీసా తీశాను. ఆ సీసా నా బ్యాగులోంచి వందలసార్లు తీసి ఉంటాను, కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కసారీ చూడలేదు. సన్న అక్షరాలతో ఇంగ్లీషులో పేరుంది. క్లోరాంఫెనికాల్. తప్పు చదివానేమో అని కూడబలుక్కుని మళ్ళీ చదివాను. ఎడమచేతిలో రిపోర్టు, కుడిచేతిలో సీసా, రెండింటి మీదా అదే పేరు.

"ఏమైందండీ, గోలీలు అయిపోయాయా?" అంది ఆవిడ, వేలు అలాగే చాపి.

సూపర్‌వైజర్ అక్కని పిలిచి, అంతకుముందే మందు పూయించుకున్న ఆవిడ వేళ్ళ మీదే తడిదూది రాయించి పరీక్షకి పంపాను. ఆ ఫలితం గురించి వేరే చెప్పక్కర్లేదు. రూలు వాళ్ళ వేళ్ళు పగలగొట్టింది, ఆ పగుళ్ళలో నేను విషంలాంటి మందు నింపాను. ఆ రైతులు ఇద్దరూ చేసింది ఏమీ లేదు.

మా యజమాని గారు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"ఎవరికైనా చెప్పారా అండీ?"

"అక్కకి తెలుసండీ."

"గోలీలు ఆపేయండి. ఇక కనబడదు. కాగితంలో మాత్రం ఏమీ మార్చకండి. చెరువులో తప్పంటే ఒక రైతు పోతాడు. హాల్లో తప్పంటే ఫ్యాక్టరీకే తాళం పడుతుంది. ఈ ఆడవాళ్ళంతా ఎక్కడికి పోతారు, మీరే చెప్పండి."

మీరైతే వెంటనే రాసేసేవారేమో. నేను రాయలేదు. నాలుగు రోజులు ఆగాను. ఆడవాళ్ళ కోసం ఆగానని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు నిజం చెప్పడానికి సిగ్గేమిటి, నా పేరు కోసం ఆగాను. దేశదేశాల ఆడిటర్ల చేత మెప్పు పొందిన మేడం, మూడు కంటైనర్లని తన బ్యాగులో సీసాతో పాడుచేసిందని రాసుకోవడానికి చెయ్యి రాలేదు.

అయిదో రోజు అక్క నా గదికి వచ్చింది. ఎప్పుడూ గుమ్మం దాటని మనిషి, లోపలికి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఆ రైతు చెరువులు ఇవాళ వేరేవాళ్ళకి రాసిస్తున్నారంటండీ. ఊళ్ళో అనుకుంటున్నారు."

"రాస్తే మీ అందరికీ పని ఆగిపోతుందక్కా."

"ఆగుతుందండీ. మా చేతులకి ఎలాగూ కొన్నాళ్ళు నీళ్ళు తగలకూడదు. ఆయన మా ఊరి దారిలో మనిషండీ. రేపు ఎదురుపడితే నేను తల ఎక్కడ పెట్టుకోను? మీరు జీపులో వెళ్ళిపోతారు, నేను ఆ దారినే నడవాలి."

ఇంకేం ఆలోచించలేదు. అప్పటికప్పుడు రాశాను. తప్పు ఎక్కడ జరిగిందో, ఎలా జరిగిందో, ఎవరు చేశారో అంతా రాసి, సంతకం పెట్టి, పంపాల్సిన వాళ్ళందరికీ పంపాను. యజమాని గారికి ఆ తర్వాతే చెప్పాను.

ఫ్యాక్టరీ సంగతి ముందే చెప్పేస్తాను, మీకు దాని మీద దిగులు ఉంటుంది. కొన్నాళ్ళు ఎగుమతి ఆపించారు. అధికారులు వచ్చారు, మమ్మల్ని మాటలతో కడిగేశారు. నా ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు. యజమాని గారు నాతో మళ్ళీ మునుపటిలా మాట్లాడటానికి మాత్రం ఏళ్ళు పట్టింది. ఆడవాళ్ళ చేతుల ఫొటోలు తీసి, మీ క్లోరిన్ లెక్క ఇదీ చేసింది అని కొనేవాళ్ళకి రాశాను. ఎప్పుడూ మన మాట వినని వాళ్ళు ఆ ఫొటోలు చూసి, అరగంటని రెండు గంటలు చేశారు. ముందే రాసి ఉంటే ముందే చేసేవారేమో. అడగాలని నాకెప్పుడూ తోచలేదు, వాళ్ళు చెప్పడం, నేను చేయించడం, అంతే అనుకున్నాను.

రాసిన రోజునే, ఆ కాగితం నకలు పట్టుకుని కొల్లేటికోట దారిలో జీపు పరిగెత్తించాను. అక్క కూడా వచ్చింది. మేం వెళ్ళేసరికి గట్టు మీద పదిమంది దాకా ఉన్నారు. లీజు కాగితం మీద కొత్తవాళ్ళు ఉదయమే సంతకాలు చేసేశారట. ఏరియేటర్లు విప్పి ట్రాక్టరు మీదికి ఎక్కిస్తున్నారు. ఆయన ఒక పక్కన నిలబడి చూస్తున్నాడు.

నేను దగ్గరికి వెళ్ళి, అందరూ వినేలాగే చెప్పాను. "తప్పు మీది కాదండీ. మాది. నాది. మీ పేరు తీసేయమని అందరికీ రాశాను." గోలీల సంగతి చెప్పాను, క్లోరాంఫెనికాల్ అనే పేరు ఆ సీసా మీదే ఉందని చెప్పాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన భార్య వైపు చూశాడు, అంతే. ఆవిడ షెడ్డులోకి వెళ్ళి, పాలిథిన్ కవరులో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసిన ఒక పొట్లం తెచ్చింది. విప్పితే నేనిచ్చిన సీసా.

"మీరు వెళ్ళగానే చదివానండీ" అంది. "కాగితంలో మీరు గీత గీసిన పేరే దీని మీదా ఉంది. ఈయన అడుగుదామన్నారు. నేనే వద్దన్నాను."

"ఎందుకమ్మా? అప్పుడే అడిగి ఉంటే ఇదంతా…" అన్నాను.

ఆయనే చెప్పాడు, మెత్తగా, అండీలు ఎక్కడా తగ్గకుండా. "మీరు కావాలనే పెట్టి వెళ్ళారనుకున్నామండీ. అంత చదువుకున్నవారు, తెలియక ఇస్తారని ఎలా అనుకుంటామండీ? రేపు అధికారుల్ని వెంటపెట్టుకుని వచ్చి, ఇదిగో వీళ్ళ షెడ్డులో దొరికింది అంటారేమోనని భయపడ్డాం. పారేస్తే దాచిపెట్టాం అంటారు. ఉంచితే వాడాం అంటారు. అందుకే ముట్టుకోకుండా కట్టి ఉంచామండీ."

ఆయన అరచెయ్యి చూశాను. గాయం మాని, మధ్యలో పసుపు మరక మిగిలి ఉంది. నేను మంచిపని చేశానని అనుకుంటూ ఇంటికి వెళ్ళి నిద్రపోయిన రోజుల్లో, ఈ ఇద్దరూ నేను పెట్టి వెళ్ళిన సీసాకి కాపలా కాశారు.

ఆయన ఆ సీసా నా చేతిలో పెట్టాడు. "మూత చూడండమ్మా. సీలు తియ్యలేదు. వీళ్ళందరూ ఇక్కడున్నారు కదా, కాస్త పైకి చెప్పండి."

కళ్ళద్దాలు పెట్టుకున్నాను. మూత చుట్టూ తిప్పి చూశాను. ట్రాక్టరు మీదికి సామాను ఎక్కిస్తున్నవాళ్ళు కూడా పని ఆపి నా వైపే చూస్తున్నారు.

"సీలు తియ్యలేదు" అని పైకి చెప్పాను.